అనాథ అనే మాట వెనక: ఉప్పల్, నాచారం పరిచర్య లేఖల మీద కొన్ని ప్రశ్నలు

ఎయిడ్స్‌తో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని సాకే చర్చి పరిచర్యల గురించి మన సమాజంలో రెండే మాటలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి భక్తుల మాట: అది దేవుని పని, దాన్ని ప్రశ్నించకూడదు. రెండోది హిందూత్వవాదుల మాట: అది మతమార్పిడి వ్యాపారం, దాన్ని మూసెయ్యాలి. మొదటి మాట ప్రశ్నను పాపం చేస్తే, రెండో మాట పిల్లల నోటి దగ్గరి అన్నాన్నే నేరం చేసింది. ఈ రెండిట్లోనూ పిల్లలు లేరు. వాళ్ళ కులం లేదు, తల్లి లేదు, వాళ్ళు రేపు పెద్దవాళ్ళయి సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారన్న ఆలోచన అసలే లేదు.

ఈ వ్యాసంలో మేము ఏ పరిచర్య లెక్కల పుస్తకాలూ తనిఖీ చెయ్యటం లేదు. అవి రాసిన రాతల్ని చదువుతున్నాం. విదేశీ దాతలకు నెలనెలా పంపే ప్రార్థనా లేఖలు, ఫోటో పక్కన పిల్లవాడి వివరాలు అచ్చేసిన కార్డులు, క్రిస్మస్‌కి ముందు పిల్లల చేత రాయించే కృతజ్ఞతా పత్రాలు, ఇవన్నీ కలిపి ఒక ప్రక్రియ. కథకీ నవలకీ ఉన్నట్టే దానికీ ఒక కథకుడు, ఒక పాఠకుడు, కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. కథల్లో, సినిమాల్లో మన బతుకుల్ని ఎవరు ఎట్లా రాశారని దళిత విమర్శ దశాబ్దాలుగా అడుగుతోంది. అదే ప్రశ్న ఈ రాతల్ని కూడా అడగాలి. సంస్థల పేర్లు మాత్రం రాయటం లేదు. పేరు రాస్తే ఇల్లు తెలుస్తుంది, ఇల్లు తెలిస్తే పిల్లలు తెలుస్తారు.

ఉప్పల్ రోడ్డు

తార్నాక దాటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోయే రోడ్డు పెద్ద పెద్ద ప్రయోగశాలల రోడ్డు. ఐఐసిటి, ఎన్‌జిఆర్‌ఐ, సిసిఎంబి ఆ దారిలోనే ఉన్నాయి. హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం పారిశ్రామికవాడ, ఈఎస్‌ఐ ఆసుపత్రి. నేరుగా పోతే ఉప్పల్ పారిశ్రామికవాడ, ఆ తర్వాత వరంగల్ బస్సులు ఆగే రింగు రోడ్డు. నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్ళు పట్నంలో దిగే చోట్లలో ఇదొకటి. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేదాకా ఇది సగం ఊరు, సగం పట్నం. ఫ్యాక్టరీ కూలీలుండే గల్లీల్లోనే అద్దె మేడల మీద చిన్న చిన్న చర్చిలు, ఆ చర్చిల ఆసరాతో నాలుగు గదుల పిల్లల హాస్టళ్ళు లేచినయి. వాటిని నడిపే పాస్టరు కూడా చాలాసార్లు మాలో మాదిగో అయిన, ఇంట్లో మొదట చదువుకున్న మనిషే. ఆయన రాసే ఇంగ్లీషు ఉత్తరమే ఈ గల్లీని సముద్రం అవతలి సంఘానికి చూపిస్తుంది. మనం పుట్టి పెరిగిన చోటు ఆ ఉత్తరం చదివేవాళ్ళకి 'విదేశం'.

వీళ్ళు చేసిన పని ముందు చెప్పాలి. మన దేశంలో హెచ్‌ఐవి 1986లో మద్రాసులో బయటపడింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టి మందులివ్వటం 2004 ఏప్రిల్ 1న గానీ మొదలు కాలేదు. పిల్లల కోసం ప్రత్యేక చికిత్సా కార్యక్రమం రావటానికి 2006 చివరి దాకా పట్టింది. ఈ మధ్యకాలంలో చనిపోయినవాళ్ళ పిల్లల్ని బడి రానియ్యలేదు, చుట్టాలు చాలామంది దగ్గరికి తియ్యలేదు. అక్షరాస్యతకు పేరుపడ్డ కేరళలోనే, కొల్లం జిల్లాలో, హెచ్‌ఐవి ఉన్న ఇద్దరు పిల్లల్ని బడిలో కూచోనియ్యని గొడవ 2003లో దేశమంతా తెలిసింది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకి రక్తపరీక్షలు చేస్తే దేశ సగటు 0.28 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. అంటే మూడు రెట్లకు పైనే. ఆ రోజుల్లో పుండ్లు కడిగినవాళ్ళు, పిల్లలకు తలంటినవాళ్ళు, రాత్రిళ్ళు ఆసుపత్రిలో కాపలా ఉన్నవాళ్ళు ఈ పరిచర్యల మనుషులు. ఆ చేతుల్లో దళిత క్రైస్తవ స్త్రీల చేతులు చాలా ఉన్నాయి. ఉత్తరాల్లో వాళ్ళ పేర్లు కూడా అరుదుగానే వస్తాయి.

అదే కాలంలో ప్రభుత్వం రాసిన రాత ఏమిటి? 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న హోర్డింగులు. రాష్ట్రమంతా నవ్వుకుంది, మాట నోళ్ళలో నానింది. పులిరాజాకి కులం లేదు, భార్య లేదు, పిల్లలు లేరు. ప్రచారం మగవాడి దగ్గర మొదలై మగవాడి దగ్గరే ఆగింది. పరిచర్య లేఖ పిల్లవాడి దగ్గర మొదలై పిల్లవాడి దగ్గరే ఆగుతుంది. ఈ రెండిటి నడుమ ఉన్న మనిషి, భర్త నుంచి జబ్బునీ అత్తగారింటి నుంచి నిందనీ మోసిన ఆడది, ఏ రాతలోకీ రాలేదు.

తల్లి ఎక్కడికి పోయింది?

'అనాథ' అనే మాట చూద్దాం. సంస్కృతంలో నాథుడు లేనివాడు అనాథ. మనిషికి పైన ఒక ఏలిక ఉండాలి, లేకపోతే వాడు లోటు మనిషి అన్న భావం ఆ మాటలోనే ఉంది. మన వాడల్లో ఈ మాట వాడుక తక్కువ. తల్లి లేని పిల్ల అంటారు, తండ్రి పోయిన పిలగాడు అంటారు, అమ్మమ్మ కాడ పెరిగిండు అంటారు. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో ఆ మాటల్లోనే తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో 'ఎయిడ్స్ ఆర్ఫన్' అనేది లెక్కల కోసం పుట్టిన మాట. ఐక్యరాజ్యసమితి సంస్థల తొలి లెక్కల్లో పదిహేనేళ్ళ లోపు తల్లిని పోగొట్టుకున్న పిల్లలు దాని కిందికి వచ్చేవారు. తర్వాత పద్దెనిమిదేళ్ళ లోపు, తల్లి గానీ తండ్రి గానీ ఇద్దరూ గానీ పోయిన పిల్లలందరినీ అందులో చేర్చారు. అంటే ఈ లెక్క ప్రకారం ఇంట్లో తల్లి బతికుండగానే బిడ్డ 'ఆర్ఫన్'. ఆ సంస్థలే తర్వాత, వీళ్ళలో ఎక్కువమందికి ఒక తల్లో తండ్రో ఉన్నారనీ, చాలామంది బంధువుల దగ్గరే పెరుగుతున్నారనీ చెప్పాల్సి వచ్చింది. లెక్కల పుస్తకంలో పనికొచ్చిన మాట ఉత్తరంలోకి దిగేసరికి అర్థం మారింది. దాత దాన్ని ఎవరూ లేని బిడ్డ అనే చదువుతాడు. తెలుగులో 'అనాథ' అని రాసేసరికి ఉన్న తల్లి కూడా చచ్చిపోయినట్టే.

ఇందులో క్రైస్తవం ప్రకారమే ఒక పొరపాటుంది. ఈ పరిచర్యలన్నీ తమకి ఆధారంగా చూపించే వాక్యం యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం. అక్కడ దిక్కులేని పిల్లలూ విధవరాండ్రూ జంటగా వస్తారు. ఇద్దర్నీ వాళ్ళ కష్టంలో చూడబొమ్మనే అది చెప్తుంది. లేఖలు ఆ వాక్యంలో సగమే తీసుకున్నాయి. విధవరాలికి ఆస్తి హక్కు, పెన్షను, కూలి పని ఇప్పించటం కంటే బిడ్డను విడిగా హాస్టల్లో పెట్టి ఫోటో తియ్యటం సులువు. ఒంటరి బిడ్డ ఫోటోకి కానుక వస్తుంది. ఎయిడ్స్ ఉన్న మాదిగ విధవరాలి ఫోటో చూస్తే దాత ఆమె ఏం చేసిందోనని ఆలోచిస్తాడు.

ఈ అనుమానం ఎక్కడిదో తెలియాలంటే డబ్బొచ్చే దేశం చరిత్ర కూడా చూడాలి. అమెరికా ఇవాంజెలికల్ చర్చిల్లో చాలాకాలం ఎయిడ్స్ అంటే పాపానికి శిక్ష. 2001లో వరల్డ్ విజన్ చేయించిన సర్వేలో, ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకు తప్పకుండా సాయం చేస్తామన్న ఇవాంజెలికల్ క్రైస్తవులు నూటికి ముగ్గురే. ఈ గోడను దాటటానికి దొరికిన దారి, ఏ తప్పూ చెయ్యని బిడ్డ. 2003లో బుష్ ప్రభుత్వం తెచ్చిన చట్టంలో ఎయిడ్స్ నిధుల్లో పది శాతం అనాథలకు, ఆపదలో ఉన్న పిల్లలకు కేటాయించారు. ఆ పథకం ముఖ్యంగా ఎంచుకున్న పదిహేను దేశాల్లో భారతదేశం లేదు. అందుకే మన దగ్గర సంఘాల నుంచి వచ్చే కానుకలు, నెలవారీ స్పాన్సర్‌షిప్పుల మీదే చిన్న పరిచర్యలు బతకాల్సి వచ్చింది. కానుక రావాలంటే బిడ్డ నిర్దోషి కావాలి. బిడ్డ నిర్దోషి కావాలంటే దోషం తల్లిదండ్రుల మీద ఉండాలి. ఎవరూ నోరు తెరిచి ఈ మాట అనరు. ఫోటోలో బిడ్డ పక్క ఖాళీ ఈ మాట అంటుంది.

ఇది కొత్త పద్ధతి కూడా కాదు. 1874లో ఐర్లండ్‌లో వెల్లెస్లీ బెయిలీ మొదలుపెట్టిన కుష్ఠురోగుల మిషన్, రోగుల పిల్లల కోసం వేరే ఇళ్ళు నడిపింది. ఆ పిల్లలకు పెట్టిన పేరు 'మచ్చ అంటని పిల్లలు'. తల్లిదండ్రుల నుంచి వేరు చేసిన ఆ పిల్లల్ని ఒక్కొక్కర్ని పోషించమని దాతల్ని అడిగారు. తెలంగాణలో 1915లో ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి పెట్టి చేసిన సేవ గొప్పది, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే సేవ చేసే చెయ్యి వేరు, దాని గురించి రాసే కలం వేరు. మొదటిదాన్ని గౌరవిస్తూనే రెండోదాన్ని విమర్శించవచ్చు.

కార్డు మీద లేని గడి

నెలనెలా ఒక బిడ్డకు డబ్బు పంపే స్పాన్సర్‌షిప్ పద్ధతి కొరియా యుద్ధం కాలంలో బలపడింది. కంపాషన్ 1952లో, వరల్డ్ విజన్ స్పాన్సర్‌షిప్ 1953లో కొరియా అనాథలతోనే మొదలయ్యాయి. అప్పటి నుంచీ కార్డు అచ్చు పెద్దగా మారలేదు. పేరు, వయసు, పుట్టినరోజు, ఇష్టమైన ఆట, ఇష్టమైన సబ్జెక్టు, ప్రార్థనాంశం. ఇంటి పేరు ఉండదు, ఊరు ఉండదు, కులం ఉండదు. పిల్లవాడి భద్రత కోసం కొన్ని దాచాలి, నిజమే. దాచటం వేరు, అసలు తెలుసుకోకపోవటం వేరు. కార్డులో లేని వివరం చాలాసార్లు హాస్టల్ రిజిస్టర్లో కూడా ఉండదు.

దీన్ని నూరేళ్ళ కిందటి మిషనరీ రాతతో పోల్చి చూడండి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ మనకు తెలుసు. ఆ ఉద్యమం జాన్ క్లౌ ఒక్కడే నడిపింది కాదు. ఆయన కంటే ముందు నడిచినవాడు తాళ్ళకొండపాడు మాదిగ, యర్రగుంట్ల పేరయ్య. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద ఒక పుస్తకమే రాసింది. దాని పేరుకు అర్థం 'చెప్పులు కుడుతున్నప్పుడు'. అందులో మిషనరీ చూపు ఉంది, పైనుంచి చూసే ధోరణి ఉంది. అయినా అందులో మాదిగలకు పేర్లున్నాయి, వృత్తి ఉంది, గురువులున్నారు, చుట్టరికాలున్నాయి. నూరేళ్ళు గడిచాక అచ్చవుతున్న రంగుల కార్డులో అవేవీ లేవు. రోగం వచ్చి కులాన్ని పక్కకు నెట్టేసింది. కులం గురించి రాయటం లోకజ్ఞానం లేని పని అన్నట్టు అయిపోయింది.

ఒక బిడ్డ, మూడు కాగితాలు

కులం రాయకపోతే ఏమవుతుంది, మంచిదే కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. మంచిది కాదు. ఎందుకు కాదో చెప్పటానికి సిద్ధాంతం అక్కర్లేదు, రిజర్వేషన్ జాబితా చాలు.

తల్లిదండ్రులు పోయిన ఒక మాదిగ బిడ్డను తీసుకోండి. ఆ బిడ్డను అమ్మమ్మ దగ్గరుంచి ఊరి బళ్ళో చేర్పిస్తే ఎస్సీ. అదే బిడ్డ రికార్డులో క్రైస్తవం అని పడితే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ కాదు. మన రాష్ట్ర జాబితాలో బీసీ-సి, దాని వాటా ఒక్క శాతం. అదే బిడ్డను ప్రభుత్వం గుర్తించిన అనాథాశ్రమంలో అనాథగా చేర్చుకుంటే బీసీ-ఎ, దాని వాటా ఏడు శాతం. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులు పోయి ఉండాలి, చట్టప్రకారం గానీ ఆచారప్రకారం గానీ చూసుకునేవాళ్ళు ఎవరూ ఉండకూడదు అన్నది అందుకు షరతు. బిడ్డ ఒక్కడే. చేర్చినవాళ్ళు ఏ గడిలో ఏం రాశారన్న దాన్నిబట్టి కులం మూడు రకాలుగా మారుతుంది.

షరతును మళ్ళీ చదవండి. ఎవరూ ఉండకూడదు. పరిచర్య లేఖ దాతకు చెప్పేది అదే, ప్రభుత్వ జాబితా అడిగేదీ అదే. అమ్మమ్మ ఉందని ఒప్పుకుంటే ఇద్దరి దగ్గరా బిడ్డ నష్టపోతాడు. పండక్కి సద్దలో బియ్యమో మూటగట్టుకుని ఉప్పల్‌లో బస్సు దిగి మనవణ్ణి చూడొచ్చే ముసలామెను కాగితం మీద లేకుండా చెయ్యాల్సిందే.

ఇప్పుడు ఇది ఇంకా ముదిరింది. తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్సీల పదిహేను శాతం మూడు గ్రూపులుగా ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలయింది. మాదిగలు రెండో గ్రూపు, మాలలు మూడో గ్రూపు. ముప్పై ఏళ్ళ దండోరా పోరాటం సాధించిన హక్కు ఇది. ఇక ఎస్సీ అని చెప్తే చాలదు, మాలో మాదిగో డక్కలో చెప్పాలి. చిన్నప్పుడే హాస్టల్లో చేరి, ఇంటిపేరు రాయని రిజిస్టర్లో పెరిగిన పిల్ల ఇవ్వాళ ఎమ్మార్వో ఆఫీసులో ఆ ప్రశ్నకు ఏ కాగితం చూపిస్తుంది? కులం పేరెత్తకుండా ప్రేమగా పెంచామని చెప్పుకునే పరిచర్య, కులం వల్ల రావాల్సిన హక్కును ఆ పిల్లకు అందకుండా చేసింది. కులం వల్ల వచ్చే అవమానం మాత్రం ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు తప్పకుండా అందుతుంది.

మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప మొదట తొక్కింది మేమే. మమ్మల్ని అక్కడిదాకా తెచ్చింది సాంఘిక సంక్షేమ హాస్టలు. ఆ హాస్టల్ అన్నంలో రాళ్ళున్నాయి, పురుగులున్నాయి. కానీ ఆ అన్నం తిన్నందుకు ఎవరికీ కృతజ్ఞతా పత్రం రాయలేదు. అన్నం బాగాలేకపోతే కంచం పట్టుకుని రోడ్డు మీద కూచున్నాం. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల చొరవతో 1980లలో వచ్చిన గురుకులాలదీ అదే దారి. తల్లిదండ్రులు పిల్లల్ని హాస్టల్లో వేసినంతమాత్రాన వాళ్ళు అనాథలు కాలేదు. నాచారం గల్లీలో తల్లులు కూడా పరిచర్య ఇంటిని 'హాస్టల్' అనే పిలుస్తారు. వాళ్ళ లెక్కలో బిడ్డను చదువుకు పంపారు. ఉత్తరం లెక్కలో ఆ బిడ్డను రక్షించారు. ఈ రెండు మాటల మధ్య తేడాయే హక్కుకీ దయకీ మధ్య తేడా.

దయ తెగిన రోజు

దయకు ఇంకో బలహీనత ఉంది. అది ఇచ్చేవాడి ఇష్టం, పైగా ఢిల్లీ ఇష్టం కూడా. విదేశీ విరాళాల చట్టం కింద కంపాషన్ ఇంటర్నేషనల్‌ను 2016లో ముందస్తు అనుమతి జాబితాలో పెట్టారు. 2017 మార్చిలో అది మన దేశంలో పని ఆపేసింది. సుమారు 1,45,000 మంది పిల్లల స్పాన్సర్‌షిప్ తెగిపోయింది. 2020 సవరణ, విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదంది. పెద్ద సంస్థల చేతుల మీదుగా డబ్బు అందుకునే గల్లీ పరిచర్యలకు ఇది దెబ్బ. మతమార్పిళ్ళని గోల చేసినవాళ్ళు ఆ పిల్లల అన్నానికి వేరే ఏర్పాటేదీ అడగలేదు. పాలకుల ఈ ధోరణిని వ్యతిరేకించాల్సిందే. దానితో పాటు, ఒక్క ఉత్తర్వుతో తెగిపోయే తాడు మీద ఇన్ని వేల మంది దళిత, ఆదివాసీ పిల్లల బతుకుల్ని ఎందుకు వేలాడదీశారని రాజ్యాన్నీ చర్చినీ కలిపి అడగాలి.

వేరే దారి లేదనేది నిజం కాదు. 2007 నుంచి 2012 దాకా ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన 'బాలసహయోగ' కార్యక్రమం కూడా విదేశీ డబ్బుతోనే నడిచింది. కానీ అది హెచ్‌ఐవి ఉన్న కుటుంబాన్ని కుటుంబంగానే ఉంచి, పిల్లల పరీక్షలు, మందులు, తిండి, చదువు ఇంటి దగ్గరే అందేట్టు చూసింది. 2017 హెచ్‌ఐవి–ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇంటి బాధ్యత మోస్తున్న పన్నెండేళ్ళు దాటిన అక్కో అన్నో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ సంరక్షకులు కావచ్చు. బడిలో చేర్పించవచ్చు, వైద్యం చేయించవచ్చు, బ్యాంకు ఖాతా నడపవచ్చు, ఆస్తి చూసుకోవచ్చు. ఉత్తరం ఎవరూ లేరన్న చోట చట్టం ఒక అక్కను చూసింది. అదే చట్టం, ఒప్పుకోలు లేకుండా ఎవరి హెచ్‌ఐవి స్థితినీ బయటపెట్టకూడదంటోంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు ప్రచురించకూడదంటోంది. ముఖం కనపడే ఫోటో కింద రోగం పేరు రాసి పంపటం ఏ ప్రేమ పేరుతో చేసినా నేరమే.

ఏఆర్‌టి మందులు అందిన పిల్లలు పెరిగారు. ఉత్తరాల్లో మాత్రం వాళ్ళు ఎప్పుడూ ఏడెనిమిదేళ్ళ పిల్లలే. పద్దెనిమిది నిండగానే కార్డు మారుతుంది, కొత్త బిడ్డ వస్తుంది. మందులు వేసుకుంటూ ఉద్యోగం వెతుక్కునే ఇరవై రెండేళ్ళ పిల్లకు ఈ ప్రక్రియలో చోటు లేదు. ఆమె తనకోసం ఏడ్చే దాతను అడగదు, తన రికార్డు అడుగుతుంది.

కాబట్టి అడగాల్సినవి చాలా మామూలు సంగతులు. ఉప్పల్, నాచారంలోనే కాదు, ఎక్కడ పిల్లల్ని చేర్చుకున్నా రిజిస్టర్లో తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, ఉపకులం, బతికున్న బంధువుల వివరాలు ఉండాలి. పద్దెనిమిదేళ్ళకు ఆ ఫైలు నకలు ఆ పిల్లల చేతికివ్వాలి. తల్లిదండ్రుల సెంటు భూమైనా, ఇందిరమ్మ ఇల్లయినా ఎవరి పేరు మీదికి మారిందో హాస్టల్ వార్డెన్ అడిగి తెలుసుకోవాలి. దాతలకు పంపిన ఫోటోలు వెనక్కి తీసుకోమని అడిగే హక్కు పెరిగిన పిల్లలకుండాలి. చదువుకున్న దళిత క్రైస్తవ యువకులు ఈ ఇళ్ళకు క్రిస్మస్ కేకుతో పాటు కుల ధ్రువీకరణ దరఖాస్తులు కూడా పట్టుకెళ్ళాలి. మన విద్యార్థి సంఘాలు హాస్టల్ మెస్ బిల్లుల కోసం ఎట్లా కొట్లాడుతున్నాయో, ఎమ్మార్వో ఆఫీసు ముందు ఈ పిల్లల పక్కన అట్లాగే నిలబడాలి. ఆ పని మొదలుపెట్టటానికి ఎవరి అనుమతీ, ఎవరి కానుకా అవసరం లేదు.